మ్యాగజైన్ నేల మీద పడితే తప్పా? - పిస్టల్ పోటీల నియమాల వెనుక చరిత్ర

మన సంఘం వార్షిక సంచికలో యుద్ధాల గురించి, రెజిమెంట్ల గురించి, వీరచక్రాలు అందుకున్నవారి గురించి మంచి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి నేను కాస్త వేరే దారి పట్టి ఒక రూల్ బుక్ గురించి రాస్తున్నాను. రూల్ బుక్‌లో చరిత్ర ఏముంటుందని కొందరు నవ్వవచ్చు. పిస్టల్ షూటింగ్ పోటీల నియమావళి తీసి చూస్తే, చాలా వాక్యాల వెనుక ఒక మనిషో, ఒక చావో, ఒక డబ్బు మూటో కనిపిస్తుంది. సర్వీసులో కొన్నేళ్లు ఆయుధ శిక్షణ ఇచ్చే పని చేశాను కాబట్టి ఈ సంగతి నాకు ఇష్టం. తెలిసినంతలో చెబుతాను.

పోటీల్లో ఎప్పుడూ రెండు గొడవలు నడుస్తుంటాయి. మొదటిది, ఫ్యాక్టరీ నుండి వచ్చిన పిస్టల్‌ను షూటర్ తనకు అనుకూలంగా ఎంతవరకు మార్చుకోవచ్చు? రెండోది, మ్యాగజైన్ ఎప్పుడు, ఎక్కడ, ఎలా మార్చాలి? ఈ రెండు గొడవలూ చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తాయి. గెలిచింది మనిషా, పిస్టలా?

సైన్యంలో పనిచేయని మన ఇంటివాళ్లు కూడా ఈ సంచిక చదువుతారు కాబట్టి ఒక్క మాట. మ్యాగజైన్ అంటే పిస్టల్ పిడిలో కింది నుండి దూర్చే ఇనుప డబ్బా, రౌండ్లు అందులో ఉంటాయి. పిస్టల్ పైభాగాన ముందుకూ వెనక్కూ కదిలేది స్లైడ్. ఆఖరి రౌండు పేలిపోగానే స్లైడ్ వెనక్కి పోయి అక్కడే ఆగిపోతుంది. పిస్టల్ ఖాళీ అయిందని మనకు అదే గుర్తు. అప్పుడు ఖాళీ మ్యాగజైన్ తీసి నిండుది పెట్టడాన్ని రీలోడ్ అంటాం.

సార్జెంటుకు చోటు లేని జట్టు

అన్ని నియమాలూ పిస్టల్ మీదే ఉండేవి కావు. మనిషి భుజం మీద పట్టీ చూసి పెట్టినవి కూడా ఉండేవి. హంగరీ సైన్యంలో కరోలీ తకాచ్ అనే సార్జెంట్ ఉండేవాడు. పిస్టల్ పేల్చడంలో ఆ దేశంలోనే మేటి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు మాత్రం అతన్ని జట్టులోకి తీసుకోలేదు. కారణం, అప్పటి నియమం ప్రకారం కమిషన్డ్ ఆఫీసర్లకే జట్టులో చోటు. బెర్లిన్ పోటీల తర్వాత ఆ నియమం ఎత్తేశారు.

తలుపు తెరుచుకుంది గాని, 1938లో శిక్షణ సమయంలో గ్రెనేడ్ అతని కుడి చేతిలోనే పేలింది. పిస్టల్ పట్టే చెయ్యి పనికిరాకుండా పోయింది. ఆసుపత్రి నుండి వచ్చాక ఎవరికీ చెప్పకుండా ఎడమ చేత్తో సాధన మొదలుపెట్టాడు. 1939లో జాతీయ ఛాంపియన్ అయ్యాడు. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. 1948లో లండన్ వచ్చాడు. ఎందుకొచ్చావని అర్జెంటీనా ప్రపంచ ఛాంపియన్ అడిగితే నేర్చుకోవడానికి వచ్చానన్నాడట. 25 మీటర్ల రాపిడ్ ఫైర్ పిస్టల్‌లో 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు చేసి బంగారు పతకం పట్టుకుపోయాడు. 1952లో హెల్సింకీలో మళ్లీ అదే పతకం.

ఆఫీసరు కాని వాడిని కూడా లైనులో నిలబడనివ్వాలన్న ఒక్క మార్పు లేకపోతే ఈ కథ ఉండేది కాదు. జె.సి.ఓ.గా రిటైరైన వాడిని కనుక ఈ సంగతి నాకు బాగా పట్టింది. నియమాలు మంచివా చెడ్డవా అనడానికి నా కొలబద్ద కూడా అదే. నేర్పు ఉన్నవాడికి లైనులో చోటు దొరుకుతోందా లేదా?

తలకిందుల పిస్టల్

ఇప్పుడు పిస్టల్ దగ్గరికి వద్దాం. ఒలింపిక్ రాపిడ్ ఫైర్‌లో వరసగా అయిదు టార్గెట్లు ఉంటాయి. ఒక్కో టార్గెట్ మీద ఒక్కో రౌండు, మొదట 8 సెకన్లలో, తర్వాత 6 సెకన్లలో, చివరికి 4 సెకన్లలో పేల్చాలి. నాలుగు సెకన్లలో అయిదు టార్గెట్లంటే, రౌండు పేలినప్పుడు పిస్టల్ మూతి ఎంత తక్కువ లేస్తే అంత లాభం.

ఈ లెక్క పట్టుకుని సోవియట్ వాళ్లు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు ఒక వింత పిస్టల్ తెచ్చారు. మామూలుగా బ్యారెల్ చేతికి పైన ఉంటుంది, అందుకే మూతి పైకి ఎగురుతుంది. వాళ్లు మొత్తం తలకిందులు చేసి బ్యారెల్‌ను చేతి ఎత్తుకు దించేశారు. తన్నుడు నేరుగా చేతిలోకి వచ్చేది, మూతి లేచేది కాదు. దానితో యెవ్‌గెనీ చెర్కాసోవ్ రజతం గెలిచాడు. బంగారు పతకం మాత్రం రుమేనియాకు చెందిన స్టెఫాన్ పెట్రెస్కూకు పోయింది. ఎంత వింత పిస్టల్ అయినా మనిషిని పూర్తిగా పక్కకు నెట్టలేకపోయింది.

తర్వాత ఆ రకాన్ని బయటకు పంపారు. ఇప్పటి నియమం ప్రకారం బ్యారెల్ మధ్య గీత బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండే సందుకు పైనుండి పోవాలి. పిస్టల్ మొత్తం 300 మి.మీ. పొడవు, 150 మి.మీ. ఎత్తు, 50 మి.మీ. మందం ఉన్న పెట్టెలో పట్టాలి. తనిఖీ చేసేవాళ్లు నిజంగానే పెట్టె తెచ్చి పిస్టల్‌ను అందులో పెట్టి చూస్తారు. మూత సరిగా పడకపోతే పోటీలోకి రానివ్వరు.

తలకిందుల పిస్టల్ పోయినా చాలాకాలం ఇంకో వెసులుబాటు మిగిలింది. రాపిడ్ ఫైర్ షూటర్లు .22 షార్ట్ అనే చిన్న తూటా వాడేవారు. దానికి తన్నుడు చాలా తక్కువ. ట్రిగ్గర్ చాలా తేలిక, గ్రిప్ చేతిని చుట్టేసి ఉండేది. ఆ పిస్టల్ ఆ ఒక్క పోటీకి తప్ప మరి దేనికీ పనికిరాదు. అందుకని కొత్త కుర్రవాడు ఆ ఒక్క పోటీ కోసమే ఖరీదైన పిస్టల్ కొనాల్సి వచ్చేది. 2005లో అంతర్జాతీయ సమాఖ్య దీన్ని మార్చింది. తూటా .22 లాంగ్ రైఫిల్, ట్రిగ్గర్ మీద కనీసం 1000 గ్రాముల బరువు, పిస్టల్ 1400 గ్రాములకు మించకూడదు, చేతిని చుట్టే గ్రిప్ వద్దు. ఇప్పుడు స్టాండర్డ్ పిస్టల్ పోటీకి వాడే పిస్టల్‌తోనే రాపిడ్ ఫైర్‌లో కూడా నిలబడవచ్చు. స్కోర్లు పడిపోతాయని మొదట్లో కొందరు బాధపడ్డారు. కానీ తక్కువ డబ్బున్న వాడికి తలుపు తెరిచింది ఈ నియమమే.

ఈ ఒలింపిక్ పద్ధతిలో రీలోడ్ గొడవే లేదు. 'లోడ్' అన్నప్పుడు అయిదు రౌండ్లున్న ఒక్క మ్యాగజైన్ పెట్టాలి, ఆ సిరీస్ అంతే. అయిదు బదులు నాలుగే నింపుకుంటే, సేఫ్టీ తీయడం మరిచిపోతే, ఆ లోపం షూటర్‌దే. పేలని రౌండ్లకు సున్నా. ఫైరింగ్ పాయింటులో మన ఉస్తాద్‌లు చెప్పేది కూడా ఇదే కదా! మ్యాగజైన్ నింపిన చెయ్యి నీదే, జవాబుదారీ కూడా నీదే.

పోరాట పిస్టల్ పోటీలు ఎలా పుట్టాయి

రీలోడ్ గురించి అసలు వాదం పుట్టింది ఇంకో రకం పోటీల్లో. అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన జెఫ్ కూపర్ 1950ల చివర్లో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ లేక్ దగ్గర పోటీలు పెట్టేవాడు. ఒక చేత్తో నిలబడి తీరిగ్గా పేల్చడం నిజమైన కాల్పుల్లో పనికిరాదు, ఏ పద్ధతి పనికొస్తుందో పోటీలోనే తేలాలి అన్నది అతని వాదం. లాస్ ఏంజెలెస్ కౌంటీలో డిప్యూటీ షెరిఫ్ అయిన జాక్ వీవర్ రెండు చేతులతో పిస్టల్ పట్టి కంటి ఎత్తులో పెట్టి అందరినీ ఓడించడం మొదలుపెట్టాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ పోలీసు, ఏ సైనికుడు పిస్టల్‌ను రెండు చేతులతో పట్టినా అందులో ఆ పోటీల ఛాయ ఉంది. ఆట నుండి యుద్ధం నేర్చుకున్న సందర్భం ఇది.

1976లో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. దాన్ని పొట్టిగా ఐ.పి.ఎస్.సి. అంటారు. కూపర్ మొదటి అధ్యక్షుడు. ఖచ్చితత్వం, శక్తి, వేగం అన్న అర్థం వచ్చే మూడు లాటిన్ మాటలు దాని ధ్యేయవాక్యం. ఖచ్చితత్వానికి పాయింట్లు, వేగానికి గడియారం. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు.

మరి శక్తిని ఎలా కొలుస్తారు? తూటా బరువును గ్రెయిన్లలోనూ, వేగాన్ని సెకనుకు అడుగుల్లోనూ తీసుకుని రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తారు. 230 గ్రెయిన్ల .45 తూటా సెకనుకు 800 అడుగుల వేగంతో పోతే 184 వస్తుంది. 115 గ్రెయిన్ల 9 ఎం.ఎం. తూటా 1150 అడుగులతో పోతే 132. మొదటిది మేజర్, రెండోది మైనర్. టార్గెట్ మధ్యలో తగిలితే ఇద్దరికీ అయిదే. కొంచెం పక్కకు తగిలితే మేజర్‌కు నాలుగు, మైనర్‌కు మూడు. బాగా తన్నే పిస్టల్‌ను అదుపు చేసినవాడికి దక్కిన మర్యాద ఇది.

ఆ రోజుల్లో పోటీ పిస్టల్ అంటే ఎక్కువగా కోల్ట్ 1911. మ్యాగజైన్‌లో ఏడు రౌండ్లు. ఏ కోర్సులోనైనా రీలోడ్ తప్పేది కాదు. కూపర్ తయారుచేసిన 'ఎల్ ప్రెసిడెంటే' కోర్సు ఇప్పటికీ ప్రసిద్ధం. టార్గెట్లకు వీపు పెట్టి నిలబడాలి. తిరిగి, 10 గజాల దూరంలోని మూడు టార్గెట్ల మీద తలా రెండు, రీలోడ్, మళ్లీ తలా రెండు. మొత్తం 12 రౌండ్లు. 10 సెకన్లలో చేస్తే మంచి షూటర్ కింద లెక్క. ఆరు, ఆరు అనడంలో న్యాయం ఉంది. ఆరు రౌండ్ల రివాల్వర్ వాడు కూడా పిస్టల్ వాడి పక్కన నిలబడగలడు.

పిస్టల్ పెరిగింది, రీలోడ్ తగ్గింది

పోటీ అన్నాక గెలవాలనే ఉంటుంది. 1980లలో గన్‌స్మిత్‌లు బ్యారెల్ కొసకు కాంపెన్సేటర్ బిగించడం మొదలుపెట్టారు. గ్యాస్‌ను పైకి వదిలి మూతిని కిందికి నొక్కి ఉంచే గొట్టం అది. మేజర్ శక్తి ఉండీ తన్నుడు తగ్గించుకునే ఉపాయం అన్నమాట. .45 వదిలి .38 సూపర్ అనే సన్న తూటాకు మారారు. సన్న తూటాలైతే మ్యాగజైన్‌లో ఎక్కువ పడతాయి. 1990ల మొదట్లో ఎర్ర చుక్క చూపించే ఎలక్ట్రానిక్ సైటు వచ్చింది, రెండు వరసల వెడల్పు మ్యాగజైన్లు వచ్చాయి. రీలోడ్ సులువు కావాలని పిడి కింద గరాటు లాంటి మ్యాగ్‌వెల్ పెట్టారు. ఇవన్నీ ఉన్న పిస్టల్‌ను రేస్ గన్ అని పిలిచారు. నడుముకు తగిలించుకుని దుస్తుల కింద దాచే వస్తువు కాదది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మ్యాగజైన్‌లో రౌండ్లు పెరిగితే రీలోడ్‌లు తగ్గుతాయి. ఒకప్పుడు చేతి నేర్పు తేల్చిన చోట ఇప్పుడు మ్యాగజైన్ పొడవు తేలుస్తోంది. అందుకే ఎన్ని రౌండ్లు అన్న నియమం, పైకి పిస్టల్ గురించిన నియమంలా కనిపించినా, నిజానికి రీలోడ్ గురించిన నియమమే.

సమాఖ్య దీనికి విడివిడి తరగతులు పెట్టింది. ఓపెన్ తరగతిలో కాంపెన్సేటర్, ఎలక్ట్రానిక్ సైటు అన్నీ చెల్లుతాయి, అయినా మ్యాగజైన్ 170 మి.మీ. పొడవు దాటకూడదు. స్టాండర్డ్‌లో అవి వద్దు. మ్యాగజైన్‌తో సహా పిస్టల్ 225 మి.మీ., 150 మి.మీ., 45 మి.మీ. కొలతల పెట్టెలో పట్టాలి. 2000 ప్రాంతంలో ప్రొడక్షన్ తరగతి వచ్చింది. అందులో ఫ్యాక్టరీ పిస్టల్ ఉన్నది ఉన్నట్టు ఉండాలి, గరాటు పెట్టకూడదు, ట్రిగ్గర్ మరీ తేలిక చేయకూడదు, మొదలుపెట్టేటప్పుడు ఒక్కో మ్యాగజైన్‌లో 15 రౌండ్లకు మించకూడదు. రివాల్వర్‌కు వేరే తరగతి. డబ్బున్నవాడు ఓపెన్‌లోకి పోతాడు, డ్యూటీ పిస్టల్ ఉన్నవాడు ప్రొడక్షన్‌లో నిలబడతాడు. ఎవరి బరి వారిది.

ఒక్క విషయంలో ఈ సమాఖ్య మారలేదు. మ్యాగజైన్ ఎక్కడ మార్చుకున్నా, ఎప్పుడు మార్చుకున్నా అడగదు. సగం రౌండ్లున్న మ్యాగజైన్ నేల మీద పడేసి పరుగెత్తుతూ కొత్తది పెట్టుకోవచ్చు. దీన్ని స్పీడ్ రీలోడ్ అంటారు. తర్వాత వచ్చిన పెద్ద చీలిక దీని మీదే.

1996 నాటి చీలిక

1996లో బిల్ విల్సన్, కెన్ హ్యాకథార్న్, లారీ విక్కర్స్ మొదలైనవారు కలిసి ఐ.డి.పి.ఎ. అనే కొత్త సంస్థ పెట్టారు. విల్సన్ స్వయంగా పోటీ పిస్టళ్లు తయారుచేసి పేరు తెచ్చుకున్న గన్‌స్మిత్. రేస్ గన్లు ఆటను ఎక్కడికి తీసుకుపోయాయో చూసినవాడే మామూలు పిస్టళ్ల పోటీ కావాలన్నాడు. రోజూ నడుముకు కట్టుకునే పిస్టల్, చొక్కా కింద దాచే హోల్‌స్టర్, దాపు చాటునుండి కాల్పులు అన్నది వీరి పద్ధతి. ఎక్కువ తరగతుల్లో మ్యాగజైన్‌కు 10 రౌండ్లు. అమెరికాలో 1994 నుండి 2004 వరకు పదికి మించిన కొత్త మ్యాగజైన్లు పౌరులకు అమ్మకూడదన్న చట్టం ఉండేది. చట్టం గడువు తీరిపోయినా, ఆ కాలంలో పుట్టిన సంస్థ పుస్తకంలో పది అంకె నిలిచిపోయింది.

రీలోడ్ విషయంలో వీరు మూడు పద్ధతులే ఒప్పుకున్నారు. ఒకటి, పిస్టల్ పూర్తిగా ఖాళీ అయి స్లైడ్ ఆగినప్పుడు చేసే ఎమర్జెన్సీ రీలోడ్. అప్పుడు ఖాళీ మ్యాగజైన్ నేల మీద పడినా తప్పు లేదు. రెండు, టాక్టికల్ రీలోడ్. కొత్త మ్యాగజైన్‌ను ముందే పిస్టల్ దగ్గరికి తెచ్చి, సగం ఉన్నదాన్ని అదే చేతిలోకి తీసుకుని, కొత్తది పెట్టి, పాతది జేబులో దాచుకోవాలి. మూడు, సగం ఉన్నదాన్ని ముందు జేబులో పెట్టుకుని ఆ తర్వాత కొత్తది పెట్టడం. రౌండ్లున్న మ్యాగజైన్‌ను నేల మీద వదిలేస్తే 3 సెకన్ల జరిమానా. నిజమైన కాల్పుల్లో ఇంకెన్ని రౌండ్లు కావాలో తెలియదు కాబట్టి ఉన్నవాటిని పారేయకూడదని వారి తర్కం.

తర్కం బాగానే ఉంది. కానీ ఆటగాళ్లు ఆటగాళ్లే. స్లైడ్ లాక్ రీలోడ్ అన్నిటికన్నా వేగం. కాబట్టి తమకు అనుకూలమైన చోట పిస్టల్ ఖాళీ అయ్యేట్టు అవసరం లేని ఒకటి రెండు రౌండ్లు అదనంగా పేల్చేవారు. దీన్ని రౌండ్ డంపింగ్ అన్నారు. దానికి 20 సెకన్ల జరిమానా పెట్టారు. ఇక్కడ జడ్జి కష్టం చూడండి! ఆ అదనపు రౌండు గురి సరిగా లేక పేల్చాడా, లాభం కోసం పేల్చాడా? జడ్జి షూటర్ మనసులోకి తొంగి చూడాలి. 2013 నియమావళి ఇంకో అడుగు వేసి, కదులుతూ రీలోడ్ చేయడాన్ని బాగా కట్టడి చేసింది. దాపు లేని చోట ఆగి నిలబడి మ్యాగజైన్ మార్చుకోవడం ఏ యుద్ధనీతి అని పాత షూటర్లు మండిపడ్డారు. తర్వాతి నియమావళిలో సడలించక తప్పలేదు.

న్యూహాల్ పాఠం, న్యూహాల్ పుకారు

రీలోడ్ మీద వీరికింత పట్టుదల ఎందుకంటే దాని వెనుక ఒక విషాదం ఉంది. 1970 ఏప్రిల్ 5 అర్ధరాత్రి కాలిఫోర్నియాలోని న్యూహాల్ దగ్గర ఇద్దరు నేరస్థులు అయిదు నిమిషాలు కూడా గడవకముందే నలుగురు హైవే పెట్రోల్ అధికారులను చంపారు. వారిలో జేమ్స్ పెన్స్ తన రివాల్వర్‌లోని ఆరు రౌండ్లూ పేల్చి, మళ్లీ నింపుకుంటుండగా హతుడయ్యాడు.

కొన్నాళ్లకు ఒక మాట పాకింది. పెన్స్ జేబులో ఆరు ఖాళీ కేసులు దొరికాయని, రేంజ్‌లో కేసులు కింద పడకుండా ఏరి జేబులో వేసుకునే అలవాటు వల్ల ఆ క్షణంలో కూడా అదే చేశాడని. ఈ కథ దేశదేశాల శిక్షణ తరగతుల్లో చెప్పారు. రేంజ్‌లో చెయ్యి ఏది నేర్చుకుంటే చావు ముందు కూడా అదే చేస్తుందన్నది నీతి. అయితే ఆ కేసు కాగితాలు జాగ్రత్తగా తిరగేసిన పరిశోధకులు తేల్చిందేమిటంటే, జేబులో కేసులన్నది పుకారు. ఖాళీ కేసులు నేల మీదే పడి ఉన్నాయి. చనిపోయిన మనిషి చేయని తప్పును ఇన్నేళ్లు అతని మీద మోపారన్నమాట.

అసలు పాఠం వేరు. అతనికి నింపుకోవడానికి ఉన్నవి విడి రౌండ్లు. ఒక్కొక్కటిగా దూర్చాలి. ఆ తర్వాత ఆ శాఖ ఆరు రౌండ్లూ ఒకేసారి పెట్టే స్పీడ్‌లోడర్లు ఇచ్చింది. లోపం ఆ చేతిలో లేదు, ఆ చేతికి ఇచ్చిన సామానులో, శిక్షణలో ఉంది. చనిపోయినవాడి మీద మాట వేయడం సులువు. పద్ధతి మార్చడమే కష్టం.

మన రేంజ్‌లు గుర్తున్నవారికి ఈ కథ వింటే నవ్వు, బాధ రెండూ వస్తాయి. ఫైరింగ్ అయ్యాక ఖోకాలు ఏరి, లెక్కపెట్టి, జమ చేస్తేగాని రేంజ్ వదిలేవాళ్లం కాదు. ఒక్క ఖోకా తక్కువైతే పార్టీ మొత్తం గడ్డిలో వంగి వెతికేది. లెక్క అవసరమే. కానీ ఖోకాల వెతుకులాట ఫైరింగ్ పూర్తయి, 'జాంచ్ శస్త్ర్' అయ్యాకనే జరగాలి. ఫైర్ చేస్తున్నవాడి కళ్లు టార్గెట్ మీద ఉండాలి గాని ఖోకాల మీద కాదు. మంచి ఉస్తాద్ ఈ రెంటినీ ఎప్పుడూ కలపనివ్వడు.

మన 9 ఎం.ఎం. పిస్టల్ సంగతి

మా కాలంలో అందరం వాడింది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎం.ఎం. పిస్టల్. బెల్జియం వారి 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్ దానికి మూలం. జాన్ బ్రౌనింగ్ 1926లో చనిపోతే డ్యూడొన్నే సేవ్ అనే ఇంజనీరు దాన్ని పూర్తి చేశాడు. ఆ రోజుల్లోనే 13 రౌండ్ల మ్యాగజైన్! అందులో ఒక సేఫ్టీ ఉంది. మ్యాగజైన్ తీసేస్తే, ఛాంబర్‌లో రౌండు ఉన్నా పిస్టల్ పేలదు. ఆ సేఫ్టీ మ్యాగజైన్‌ను ముందువైపు నుండి నొక్కుతుంది కాబట్టి, బటన్ నొక్కినా మ్యాగజైన్ జారి కింద పడదు. చేత్తో లాగాలి.

విదేశీ పోటీల్లో హై పవర్ వాడేవాళ్లు చాలామంది ఆ సేఫ్టీని తీయించేశారు. మ్యాగజైన్ జారుతుంది, ట్రిగ్గర్ కూడా సాఫీ అవుతుంది. ఆటగాడికి అది లాభం. సైన్యానికి మాత్రం, రాత్రి గార్డు డ్యూటీ దిగిన జవాను నిద్రమత్తులో మ్యాగజైన్ తీసి ట్రిగ్గర్ నొక్కితే ఆ సేఫ్టీయే ఒక ప్రాణం కాపాడవచ్చు. ఒకే చిన్న ముక్క, ఒకచోట అడ్డు, ఒకచోట కాపలా. అందుకే సర్కారీ ఆయుధం మీద ఆకురాయి పెట్టవద్దని పిల్లలకు ఎప్పుడూ చెప్పేవాణ్ని.

ఏ సంస్థ అయినా, ఎన్ని గొడవలు పడినా, ఒక నియమం దగ్గర మాత్రం వాదం పెట్టుకోలేదు. రీలోడ్ చేసేటప్పుడు వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట ఉండాలి, మూతి సురక్షిత దిశలోనే ఉండాలి. ఐ.పి.ఎస్.సి. పోటీలో ఆ సమయంలో వేలు లోపల కనిపిస్తే జరిమానాతో సరిపెట్టరు, అక్కడికక్కడే పోటీ నుండి బయటకు పంపుతారు. ప్రపంచ ఛాంపియన్ అయినా సరే.

మన దేశం, మన పిల్లలు

మన దేశంలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోర్. మామూలు లైసెన్సు మీద పౌరుడికి దొరకదు. కాబట్టి మన దగ్గర పిస్టల్ పోటీ అంటే ముఖ్యంగా ఒలింపిక్ పద్ధతే. 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆధ్వర్యంలో నడుస్తుంది. అందులో మన సైన్యం పాత్ర చిన్నది కాదు. డోగ్రా రెజిమెంట్‌కు చెందిన విజయ్ కుమార్ మౌలోని ఆర్మీ మార్క్స్‌మన్‌షిప్ యూనిట్‌లో తర్ఫీదు పొంది, సుబేదార్‌గా ఉండగా 2012 లండన్ ఒలింపిక్స్ రాపిడ్ ఫైర్‌లో రజతం తెచ్చాడు. ఫైనల్‌లో 9.7 కు తగ్గితే తగలనట్టే లెక్క. క్యూబాకు చెందిన ల్యూరిస్ పూపో 34, మన విజయ్ కుమార్ 30. తకాచ్ నిలబడిన పోటీయే అది, లండన్ నగరమే అది, మధ్యలో 64 ఏళ్లు. సార్జెంట్‌ను బయట నిలబెట్టిన నియమం ఇంకా ఉండి ఉంటే మన సుబేదార్‌కు కూడా చోటు దొరికేది కాదు. 2005 మార్పు వల్ల ఫైనల్‌లో ఆరుగురి చేతుల్లోనూ ఒకే కొలతలకు లోబడిన పిస్టళ్లున్నాయి.

ఇప్పుడు హైదరాబాద్‌లో చాలామంది పిల్లలు ఈ ఆటలోకి వస్తున్నారు. ఇషా సింగ్ 13 ఏళ్ల వయసులో 2018లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు బంగారు పతకం, వ్యక్తిగత రజతం తెచ్చింది. అది చూసి మన మాజీ సైనికుల ఇళ్లలోనూ తల్లిదండ్రులు అప్పు చేసైనా విదేశీ పిస్టల్ కొనాలని తొందరపడుతున్నారు. కొనవద్దనను. కొనేముందు రూల్ బుక్ చదవండి అంటాను. ట్రిగ్గర్‌కు 1000 గ్రాముల తూనికరాయి తగిలించి ఎత్తి చూస్తారు. మూడు ప్రయత్నాల్లో నిలవకపోతే ఆ పిస్టల్ చెల్లదు. ఎయిర్ పిస్టల్‌కు 500 గ్రాములు. పోటీ అయ్యాక కూడా తనిఖీ ఉంటుంది, అప్పుడు తేడా వస్తే గెలిచిన స్కోరు కూడా పోతుంది. ఇలా ఒక కుర్రవాడి ఏడాది కష్టం స్ప్రింగు తిప్పిన పావు చుట్టులో పోవచ్చు.

ఖరీదైన పిస్టల్ కూడా మొండికేస్తుంది. 2021లో టోక్యోలో మను భాకర్ ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో చెడిపోయింది. బాగుచేసుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచి ఫైనల్ చేరలేకపోయింది. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. ఆ పారిస్‌లోనే టర్కీ జాందార్మరీలో నాన్ కమిషన్డ్ హోదాలో పనిచేసి రిటైరైన యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లద్దాలతో, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రజతం గెలిచాడు. సామాను ఏమీ లేకుండా గెలిచాడని అందరూ మెచ్చుకున్నారు. చేతిలో ఉన్నది మాత్రం నియమాల ప్రకారం ఉన్న మంచి మ్యాచ్ పిస్టలే. ఆడంబరం లేదంతే.

మ్యాగజైన్ నేల మీద పడితే తప్పా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఏ బరిలో నిలబడ్డావో ఆ బరి పుస్తకం ఏం చెబితే అదే సరి. ఆట కోసం స్పీడ్ రీలోడ్ నేర్చుకో, రౌండ్లు దాచుకునే పద్ధతి కూడా నేర్చుకో, ఏది ఎందుకో మనసులో స్పష్టంగా ఉంచుకో. ఏ నియమమూ ఆటను యుద్ధంగా మార్చలేదు, అలా మారుస్తానన్న పుస్తకాలే ఎక్కువసార్లు దిద్దుకోవలసి వచ్చింది. నియమం చేయగలిగింది ఒక్కటే. 'ఏక్ గోలీ, ఏక్ దుష్మన్' అని మనకు నేర్పిన గురి, డబ్బు దగ్గర, హోదా దగ్గర ఓడిపోకుండా చూడటం. మన సంఘం ఇళ్లలో పిస్టల్ పట్టబోయే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ మొదటి బహుమతిగా ఆ రూల్ బుక్ ఇవ్వండి. పిస్టల్ ఆ తర్వాత కొనవచ్చు.